పాటని మళ్లీ మొదటి నుంచి చేయాలా, ఉన్నదాన్నే బాగుచేయాలా?

అందరికీ నమస్కారం. ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో ఒక జానపద బీట్ పాట చేస్తున్నాను. మోహన రాగం ఛాయలో ట్యూన్, డప్పు లూప్, కింద 808 బేస్ (డ్రమ్ మెషీన్ తరహా లోతైన బేస్). గొంతు, డప్పు రెండే ఉన్నప్పుడు విన్నవాళ్లు కాలు ఆడించారు. ఇప్పుడు ట్రాకులు ఎక్కువైపోయి డప్పు దెబ్బ గోడ అవతల నుంచి వస్తున్నట్టుంది. 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య ఈక్యూతో (ఒక్కో ఫ్రీక్వెన్సీని పెంచి తగ్గించే టూల్) ఎంత తగ్గించినా ఆ మడ్డీ సౌండ్, అంటే ఆ మసక, పోవట్లేదు. ఒక్కో ఛానెల్‌లో కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల్ని అదుపు చేసేది) మీద కంప్రెసర్. దేన్ని ముట్టుకుంటే ఏది కదులుతుందో నాకే అర్థం కావట్లేదు.

గొంతు టేక్ మాత్రం బాగా కుదిరింది, దాన్ని వదలను. పాడిన అమ్మాయి ఇప్పుడు ఊళ్లో లేదు కూడా. అందుకే గొంతు, డప్పు వరకు ఎఫెక్టులు లేకుండా వేవ్ ఫైళ్లుగా తీసి, అదే టెంపోతో కొత్త ప్రాజెక్టులో పెట్టాలని ఉంది. ఫ్రెండేమో ఫేడర్లన్నీ (ఒక్కో ట్రాక్ వాల్యూమ్ మీటలు) కిందికి దించి మళ్లీ బ్యాలెన్స్ చేసుకుంటే చాలంటున్నాడు.

తేడా మిక్స్‌లో (ట్రాకుల్ని కలిపిన తీరులో) ఉందా, అరేంజ్‌మెంట్‌లోనే (ఏ వాయిద్యం ఎక్కడ రావాలన్న కూర్పులోనే) ఉందా అన్నది మీరెలా తేల్చుకుంటారు? కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పాత ఫైల్ మళ్లీ తెరిచారా? ఇంకొకటి, వినీ వినీ నా చెవులే మొద్దుబారాయేమోనని అనుమానం. ఎన్నాళ్లు పక్కన పెట్టి వింటే తెలుస్తుంది?