రోమ్‌లో అద్దెకుండేవాళ్ల బతుకు ఎలా ఉండేది?

మల్కాజిగిరి_పోర్షన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మేం మల్కాజిగిరిలో రెండో అంతస్తులో ఒక పోర్షన్‌లో నాలుగేళ్లుగా అద్దెకుంటున్నాం. ఈ మధ్య పక్క ఖాళీ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచింది. మా గోడకీ వాళ్ల గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు మిగిలింది. ఇదివరకు పొద్దున్న ఆరున్నరకే వంటింట్లో ఎండ పడేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం కూడా ట్యూబ్‌లైట్ వేసుకుని బియ్యం ఏరుకుంటున్నాను. అద్దె కాస్త తగ్గించమంటే ఓనరు గారు "గోడ నేను కట్టలేదు కదమ్మా" అన్నారు. ఖాళీ చేస్తామంటే అడ్వాన్సులో ఒక నెల పట్టుకుంటానంటున్నారు. ఆ టెన్షన్ ఒకటి నడుస్తోంది.

అసలు ప్రశ్న మా అమ్మాయిది. ఎనిమిదో తరగతి. రోమ్ మీద చార్టు చెయ్యమన్నారు. కొలోసియం, సీజర్, కత్తి పట్టుకున్న గ్లాడియేటర్ బొమ్మలు అతికించింది. అతికిస్తూ అతికిస్తూ ఆగి, "అమ్మా, అక్కడ వేలమంది కూర్చుని చూసేవాళ్లు కదా, ఆట అయిపోయాక వాళ్లందరూ ఏ ఇంటికి వెళ్లేవాళ్లు?" అని అడిగింది. పుస్తకంలో వెతికాను, రాజులూ యుద్ధాలే ఉన్నాయి. తెలిసినవాళ్లు చెప్పండి. అక్కడ కూడా మాలాగా అద్దెకుండేవాళ్లు ఉండేవాళ్లా?

నల్లకుంట_లెక్చరర్:

అమ్మా, 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకు చరిత్ర చెప్పాను. ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పాపకు నా ఆశీస్సులు చెప్పండి.

వాళ్లలో చాలామంది అద్దె గదులకే వెళ్లేవాళ్లు. రోమ్ నగరంలో సొంత ఇల్లున్నవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు ఇన్సులా అనే నాలుగైదు అంతస్తుల మేడల్లో ఉండేవాళ్లు. ఆ మాటకు లాటిన్‌లో ద్వీపం అని అర్థం. కింద వీధివైపు దుకాణాలు, వాటి మీద కాస్త మంచి గదులు, పైకి పోయేకొద్దీ గది ఇరుకు, అద్దె తక్కువ. మన దగ్గర కొత్త టవర్లలో పైఅంతస్తుకు ఎక్కువ డబ్బు అడుగుతారు. అక్కడ లెక్క తిరగబడి ఉండేది, ఎందుకంటే లిఫ్టు లేదు, పైకి నీళ్లు ఎక్కవు, నిప్పంటుకుంటే తప్పించుకోలేనిది పైవాడే. కప్పు కింద, పావురాలు గుడ్లు పెట్టే చోట ఉన్నవాడు అందరికంటే చివర కాలిపోతాడని జువెనల్ అనే కవి రాశాడు. కింద మంట మొదలైన సంగతి వాడికి తెలిసేసరికి మెట్లు ఉండవు. మేడలు మరీ ఎత్తు లేపుతున్నారని అగస్టస్ చక్రవర్తి 70 అడుగుల హద్దు పెట్టాడు, తర్వాత ట్రాజన్ చక్రవర్తి దాన్ని 60కి తగ్గించాడు. రాత్రిళ్లు గస్తీ తిరిగి మంటలార్పే దళాన్ని కూడా అగస్టసే క్రీ.శ. 6లో ఏర్పాటు చేశాడు.

ఈ గదుల్లో చాలావాటికి వంటిల్లే ఉండేది కాదు. బొగ్గుల కుంపటి ఉంటే ఉన్నట్టు. అందుకే వేడి తిండి వీధి మలుపులో కొనుక్కునేవాళ్లు. గట్టులో కుండలు దిగేసి అమ్మే అలాంటి కొట్లు ఇటలీలోని పాంపే అనే పాత ఊళ్లో ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక మీకు బాగా దగ్గరగా అనిపించే సంగతి. పాంపేలో ఒక గోడ మీద టు-లెట్ ప్రకటన దొరికింది. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిద కింద పడ్డ ఊరు కాబట్టి అది అంతకుముందుదే. దాని సారాంశం ఇది: "గ్నెయస్ అల్లెయస్ నిజిడియస్ మాయస్ గారి మేడలో జులై 1 నుంచి అద్దెకివ్వబడును. పైగదులతో సహా దుకాణాలు, మంచి మేడగదులు, ఇల్లు. కావలసినవారు ఆయన బానిస ప్రీముస్‌ను కలవాలి." అద్దె ఒప్పందాలు జులై 1తో మొదలవడం అక్కడ మామూలు. ఈ ప్రకటనలో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఆ చివరి వాక్యం. తాళాలు పట్టుకుని మెట్లెక్కించి, ఇదిగో కిటికీ, ఇదిగో గది అని చూపించే మనిషి తానే ఇంకొకరి ఆస్తి. చార్టులో పాప ఎవరి పేరైనా రాయాలనుకుంటే సీజర్ పక్కన ప్రీముస్ పేరు కూడా రాయమనండి.

మీ కిటికీ విషయం. క్రీ.శ. 2వ శతాబ్దంలో గాయస్ అనే న్యాయవేత్త సరిగ్గా దీని గురించే రాశాడు. పొరుగువాడు కట్టుకున్న కట్టడం వల్ల అద్దెగదికి వెలుతురు పోతే, అద్దెదారు ఒప్పందం వదులుకుని వెళ్లిపోవచ్చు, అందులో సందేహమే లేదు అన్నాడు. ఓనరు అద్దె కోసం దావా వేస్తే ఈ నష్టాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. పాడైన తలుపులూ కిటికీలూ ఓనరు బాగుచేయించకపోయినా అంతే. జస్టీనియన్ చక్రవర్తి 533లో వెలువరించిన న్యాయ సంకలనంలో ఈ మాటలు నిలిచిపోయాయి. గోడ ఓనరు కట్టలేదన్న సంగతి గాయస్‌కూ తెలుసమ్మా. అయినా వెలుతురు లేని గదికి వెలుతురున్న గది అద్దె అడగకూడదు అన్నాడు.

లా_మూడో_ఏడాది:

సార్, మీరు చెప్పింది నిజమే కానీ ఒక మాట కలపాలి. ఆ సంకలనంలో కనిపించే అద్దెదారులు ఎక్కువగా ఏడాదికో అంతకు మించో ఒప్పందం రాసుకోగల స్థోమత ఉన్నవాళ్లు. పైగదిలో రోజుకింతని కట్టే కూలీ కోర్టు గుమ్మం ఎక్కడం కష్టం. పైగా అద్దెదారు తెచ్చుకున్న సామాను అద్దెకు తాకట్టు కింద లెక్క. బాకీ పడితే ఓనరు తలుపు మూసి సామాను ఆపేయొచ్చు. మల్కాజిగిరి అక్కా, మీ అడ్వాన్సు సంగతికి మాత్రం ముందు మీ అగ్రిమెంట్ కాగితంలో ఏం రాసుందో చూడండి. మాటలన్నీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా జరపండి.

నల్లకుంట_లెక్చరర్:

బాబూ, బాగా గుర్తుచేశావు. రెండేళ్ల అద్దె బాకీ పడి జులై 1న ఇల్లు ఖాళీ చేసిన ఒక కుటుంబం మీద మార్షల్ అనే కవి పద్యం రాశాడు. ఓనరు ఆపుకున్నది పోగా మిగిలిన సామాను భార్య, తల్లి, అక్క మోసుకుపోతుంటారు. మూడు కాళ్ల మంచం, రెండు కాళ్ల బల్ల, పగిలి కారుతున్న కుండ. కవి వాళ్లను చూసి నవ్వాడు. ఆ మార్షలే ఒకప్పుడు మూడు అంతస్తుల మెట్లెక్కి, అవీ ఎత్తైన మెట్లు, తన గదికి చేరినవాడు. అలాంటివాడు ఎలా నవ్వగలిగాడో నాకు మింగుడుపడదు. రోమ్ నాయకుడు, వక్త సిసిరో అయితే క్రీ.పూ. 44లో స్నేహితుడికి రాశాడు: నా దుకాణాలు రెండు కూలిపోయాయి, మిగతావి బీటలు వారాయి, అద్దెదారులే కాదు ఎలుకలు కూడా ఖాళీ చేశాయి అని. దీన్ని లాభంగా మార్చుకునే ప్లాను ఉందని కూడా అదే ఉత్తరంలో ఉంది. ఆ అద్దెదారులు ఎక్కడికి పోయారన్న మాట మాత్రం లేదు.

ఫెర్రూల్_మనిషి:

నేను 28 ఏళ్లు నీళ్ల పైపులైన్ల మీద పనిచేసి రిటైరయ్యాను. నీళ్ల సంగతి నేను చెప్తాను.

పై అంతస్తువాళ్లు వీధిలో తొట్టి దగ్గరికి దిగి కుండతో మోసుకోవాల్సిందే, లేదా బానిసతో మోయించుకోవాలి. క్రీ.శ. 97లో నీటి శాఖకు అధికారిగా వచ్చిన ఫ్రాంటినస్ తన పుస్తకంలో లెక్కలన్నీ రాశాడు. నగరంలో 591 తొట్లు. కాలువలూ గొట్టాలూ చూసుకోవడానికి 700 మంది బానిసలు, అగస్టస్ సేనాని అగ్రిప్పా వదిలివెళ్లినవాళ్లు 240, క్లాడియస్ చక్రవర్తి చేర్చినవాళ్లు 460. ఇంటికి సొంత గొట్టం కావాలంటే చక్రవర్తి అనుమతి ఉండాలి. ఆ గొట్టం మొదట్లో కొలత ప్రకారం చేసి ముద్ర వేసిన కంచు మూతి బిగించాలి. మేం మెయిన్ పైపు నుంచి ఇంటి కనెక్షన్‌కు నీళ్లు కొలతగా వెళ్లేలా బిగించే మూతి, అంటే ఫెర్రూల్, చేసే పనే అది.

దొంగ కనెక్షన్లు అప్పుడూ ఉన్నాయి. రోడ్డు కింద గొట్టాలకు బెజ్జాలు పెట్టి, దారిపొడవునా కొట్లవాళ్లకు నీళ్లు అమ్మేవాళ్లు. అమ్మేవాడికి "బెజ్జాల మనిషి" అనే అర్థం వచ్చే పేరే ఉండేది. వాటిని పీకేస్తే బోలెడంత సీసం తిరిగి వచ్చిందని ఫ్రాంటినస్ రాశాడు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. వాల్వు మా చేతిలో ఉన్నప్పుడు లైను చివర ఇంటికి నీళ్లు అందాయా లేదా అని రాసిపెట్టే అధికారి ఉంటే ఎంత తేడా వస్తుందో నేను కళ్లారా చూశాను.

గండిపేట నీళ్ల రుచి గురించి మన పెద్దవాళ్లు చెప్పుకున్నట్టే, రోమ్ వాళ్లు మార్కియా కాలువ నీళ్ల చల్లదనం గురించి చెప్పుకునేవాళ్లట.

కొండాపూర్_టు_కొండాపూర్:

ఐటీ ఆఫీసుల కొండాపూర్‌లో ఉంటాను. సంగారెడ్డి దాటాక ఇంకో కొండాపూర్ ఉంది, శాతవాహనుల కాలం ఊరు. 1940ల మొదట్లో నిజాం పురావస్తు శాఖ తవ్వించింది. అక్కడ అగస్టస్ బంగారు నాణెం దొరికింది. మ్యూజియం ఉంది, పాపను తీసుకెళ్లండి.

మల్కాజిగిరి_పోర్షన్:

అందరికీ చాలా థాంక్స్ అండి. లెక్చరర్ గారూ, మీరు రాసింది నిన్న రాత్రి పాపకు గట్టిగా చదివి వినిపించాను. గ్లాడియేటర్ బొమ్మ పీకేసి, ఆ చోట అయిదంతస్తుల మేడ గీసింది. కింద తొట్టి, మెట్ల మీద కుండతో ఒక ఆడమనిషి, గోడ మీద తెలుగులో టు-లెట్ ప్రకటన. ప్రీముస్ పేరు ఎర్ర స్కెచ్‌తో రాసింది.

తమ్ముడూ, అగ్రిమెంట్ తీసి చూశాను. నెల ముందు చెప్తే అడ్వాన్సు మొత్తం ఇవ్వాలనే ఉంది. ఆ పేజీ ఫోటో తీసి ఓనరు గారికి పంపాను, ఇంకా జవాబు రాలేదు.

ఈలోగా మౌలాలి వైపు ఒక ఇల్లు చూడ్డానికి వెళ్లాం. నేను కప్‌బోర్డులు చూస్తుంటే, పాప తిన్నగా వంటింట్లోకి వెళ్లి కిటికీ తెరిచింది. ఆ పక్క స్థలం ఎవరిదంకుల్ అని అడిగింది.