మోటార్ పక్కనే ఐసోలేటర్ (కరెంటు పూర్తిగా తెంచే స్విచ్) తప్పనిసరా?

మాది చిన్న రైస్ మిల్లు. ఎలివేటర్ మోటార్ 10 హెచ్‌పీ, పై అంతస్తులో ఉంది. స్టార్టర్ మాత్రం కింద ప్యానెల్ రూమ్‌లో. మొన్న ఫిట్టర్ బెల్టు మారుస్తుంటే కింద ఎవరో పచ్చ బటన్ నొక్కేశారు. అప్పటికి చెయ్యి తీశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే వేళ్లు పోయేవి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

అమెరికా విద్యుత్ కోడ్ ఎన్‌ఈసీ 430.102 ప్రకారం డిస్‌కనెక్ట్ స్విచ్ మోటార్‌కు కనుచూపు మేరలో, 50 అడుగుల లోపు ఉండాలి. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. మరి మన సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2023 భద్రతా నిబంధనల్లో దీని గురించి ఏముంది? కింద ప్యానెల్‌లోని ఎంసీసీబీకి (పెద్ద సర్క్యూట్ బ్రేకర్‌కి) తాళం వేసి, తాళంచెవి ఫిట్టర్ జేబులో ఉంచుకుంటే సరిపోతుందా? స్టాప్ బటన్ చాలంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. అది కంట్రోల్ సర్క్యూట్‌నే కదా తెంచేది, మూడు ఫేజులూ కాంటాక్టర్ (స్టార్టర్‌లో మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) దాకా అలాగే ఉంటాయి! తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.