సిలిండర్‌తో కొలిస్తే ప్రతిసారీ వేరే డెన్సిటీ వస్తాంది, ఉత్త కాటాతో కనుక్కోవచ్చా?

చంద్రగిరి_పిల్లోడు:
అన్నలూ అక్కలూ ఒక డౌట్. తిరుపతిలో బీఎస్సీ ఫస్టియర్ చదవతా ఉండా, వచ్చే వారం ప్రాక్టికల్స్. మా సారు ఒక సీసాలో ఏదో లిక్విడ్ పోసి పైన ‘సి’ అని స్టిక్కర్ అంటించి ‘దీని డెన్సిటీ కనుక్కో, చేతనైతే అదేందో కూడా చెప్పు’ అన్నాడు. లేత పసుపు రంగు, వాసన లేదు, చేతికి జిడ్డుగా తగలతాది. ల్యాబులో డెన్సిటీ కనుక్కోడానికి వాడే స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ ఒకే ఒక్కటి ఉంటే దాని మూత ఎప్పుడో పోయిందంట, కొత్తది వచ్చేలోపు నా డిగ్రీ అయిపోతాది. అందుకే కొంచెం ఇంటికి తెచ్చుకున్నా, మా మామ వెండి అంగడిలోది 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా ఉండాది. 100 ఎంఎల్ సిలిండర్‌లో 50 గీత దాకా పోసి, తూచిన ఖాళీ గ్లాసులోకి వంచి మళ్ళా తూకం వేస్తే ఒకసారి 44.6 గ్రాములు, ఇంకోసారి 45.9, మళ్ళీ చూస్తే 45.2. అంటే 0.892 నించి 0.918 దాకా ఊగతా ఉంది. కాటా పాడైందా అంటే మామ ఒప్పుకోడు, దాంట్లోనే వెండి అమ్ముతాడు కదా. ఏం చేయాలి?

ల్యాబ్_అక్క:
కాటాని అనద్దు తమ్ముడూ, దొంగ నీ సిలిండరే. 100 ఎంఎల్ దాంట్లో గీతకీ గీతకీ మధ్య ఒక ఎంఎల్, కన్ను అర ఎంఎల్ అటూ ఇటూ చూసిందంటే 50లో ఒక శాతం పోయినట్టే. పైగా నువ్వు దాన్ని గ్లాసులోకి వంచతా ఉండావు, జిడ్డు లిక్విడ్ కదా, సిలిండర్ గోడకి అంటుకున్నది అంటుకున్నట్టే ఉంటాది, ఎంత అంటుకుంటాదో ప్రతిసారీ ఒకేలా ఉండదు.

అసలు వాల్యూమ్ కొలవద్దు. ఆ పని నీళ్ళకి అప్పజెప్పు. ఒక చిన్న గాజు సీసా తీసుకో, మూతి అంచు చదునుగా ఉండాల, పైన మైక్రోస్కోప్ స్లైడు పక్క నించి జరిపి మూస్తే ఎక్కువున్నది బయటికి పోయి ప్రతిసారీ సరిగ్గా అంతే మిగలతాది. స్పెసిఫిక్ గ్రావిటీ బాటిల్ మూతకి సన్నటి బొక్క ఉండేది కూడా ఇందుకే, వైవాలో అడగతారు చూడు. ముందు ఖాళీ సీసా స్లైడుతో కలిపి తూచు, తర్వాత నీళ్ళతో, తర్వాత నీ ‘సి’ తో. రెండింట్లోనూ ఖాళీ తూకం తీసేసి, లిక్విడ్ బరువుని నీళ్ళ బరువుతో భాగిస్తే రిలేటివ్ డెన్సిటీ, అంటే నీళ్ళతో పోలిస్తే ఎన్ని రెట్లు అని. సీసా ఎన్ని ఎంఎల్ అనేది నీకు తెలియాల్సిన పనే లేదు.

నీళ్ళు ముందు, నూనె తర్వాత, ఈ వరస మార్చద్దు. నూనె ముందు పోస్తే ఆ జిడ్డు వదిలించేసరికి తెల్లారతాది. సీసాని అరచేత్తో పట్టుకోకుండా మెడ దగ్గర టిష్యూతో పట్టుకో, చేతి వేడికి లోపలిది వ్యాకోచించి స్లైడు సందులో నించి కారతాది. స్లైడు కింద గాలిబుడగ ఇంత కనిపించినా మళ్ళా నింపు. ఇంకోటి, బోరు నీళ్ళు వద్దు, మన పక్క నీళ్ళల్లో ఉప్పులెక్కువ. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ మెకానిక్ అంగళ్ళలో దొరకతాది.

పాత_బ్యాచ్:
అక్క చెప్పింది కరెక్టే గానీ స్లైడు దొరక్కపోతే ఇంకో దారి ఉండాది, నాకైతే ఇదే ఇష్టం. గ్లాసులో నీళ్ళు పోసి కాటా మీద పెట్టి టేర్ నొక్కు, సున్నా అయితాది. ఇప్పుడు గాజు బిరడానో పెద్ద స్టీలు నట్టునో సన్న దారానికి కట్టి పైన స్టాండుకి వేలాడదీసి పూర్తిగా మునిగేట్టు దించు, అడుగుకీ పక్కలకీ తగలకూడదు. వస్తువు బరువు దారం మోస్తాంది కదా మరి కాటా మీద నంబరెందుకు పెరిగింది అంటే, నీళ్ళు దాన్ని పైకి ఎంత నెట్టతాయో అది నీళ్ళని కిందికి అంతే నెట్టతాది, ఆర్కిమిడీసూ న్యూటన్ మూడో సూత్రమూ ఒకే గ్లాసులో. కాటా చూపించేది సరిగ్గా పక్కకి జరిగిన నీళ్ళ బరువు. అదే వస్తువుని తుడిచి నీ లిక్విడ్‌లో అట్లే దించు, రెండో నంబరుని మొదటిదాంతో భాగించు, అంతే. దారం వదులై వస్తువు అడుగుకి తగిలిందా, నంబరు ఒక్కసారిగా ఎగిరిపోతాది, అప్పుడే తెలిసిపోతాది. రాయి మాత్రం కట్టద్దు, రాళ్ళ గరుకులో బుడగలు దాక్కుంటాయి.

చంద్రగిరి_పిల్లోడు:
రెండూ చేసేసినా!! సీసా ఖాళీగా స్లైడుతో 38.42, నీళ్ళతో 91.70, ‘సి’ తో 86.99. అంటే 48.57 బై 53.28, 0.9116 వచ్చింది. గాజు బిరడా దించితే నీళ్ళల్లో 18.25, ‘సి’ లో 16.64, అది 0.9118. రెండూ ఇంత దగ్గరగా వస్తాయని నేను అనుకోలా. నీళ్ళ డెన్సిటీ 1 కాబట్టి ఆన్సర్ 0.912 అని రాసేయొచ్చా?

ల్యాబ్_అక్క:
ఆగు ఆగు. రూములో టెంపరేచర్ ఎంత?

చంద్రగిరి_పిల్లోడు:
33 డిగ్రీలు అక్కా, ఫ్యాన్ కూడా ఆపేసినా కాటా వణకతాందని.

ల్యాబ్_అక్క:
నీళ్ళు 1 ఉండేది 4 డిగ్రీల దగ్గర, తిరుపతిలో కాదు. 33 దగ్గర 0.9947. నీ 0.9116ని దాంతో గుణిస్తే 0.9068, అంటే 0.907 గ్రాములు పర్ ఎంఎల్, 33 డిగ్రీల దగ్గర అని పక్కన రాయి. రిలేటివ్ డెన్సిటీ అడిగితే 0.912, డెన్సిటీ అడిగితే 0.907, రెండూ ఒకటని రాస్తే మార్కు పోతాది. తూచేటప్పుడు గాలి కూడా కొంచెం పైకి నెట్టతాది, దాని కరెక్షన్ కూడా ఉండాది గానీ నీ కేసులో అది నాలుగో డెసిమల్‌లో ఒకటో అరో, నీ కాటాకి వదిలేయొచ్చు.

పాత_బ్యాచ్:
టెంపరేచర్ అంటే గుర్తొచ్చింది, నూనె ప్యాకెట్ల గొడవ ఇదే కదా. ప్యాకెట్ మీద 1 లీటరు అని వేసి పక్కన 910 గ్రాములు అని ఉంటాది, నెయ్యి డబ్బా మీద కూడా చూడండి. 2022లో కేంద్రం వాళ్ళు టెంపరేచర్ రాయకుండా నికర పరిమాణం వేయమని కంపెనీలకి చెప్పినారు, ఎందుకంటే లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే 60 డిగ్రీల దగ్గర 893కి దిగతాది. లీటరు లీటరే గానీ లోపల సరుకు తగ్గింది. తూకం వేస్తే ఈ తిరకాసు నడవదు.

చంద్రగిరి_పిల్లోడు:
అయితే 0.907 అంటే వేరుశనగ నూనేనా? మా అమ్మ చూసి శనగ నూనేలే అంటాంది.

పాల_తూకం:
చిత్తూరు పక్క పాల సెంటర్లో పని చేస్తా ఉండా, ఈ ప్రశ్న మాకు రోజూ వచ్చేదే. డెన్సిటీ చూసి పేరు పెట్టద్దు నాయనా. పాలల్లో లాక్టోమీటర్ 28 చూపిస్తే 1.028 అని అర్థం, మంచి పాలే అనిపిస్తాది. కానీ వెన్న తీస్తే పాలు బరువెక్కతాయి, నీళ్ళు కలిపితే తేలికైతాయి, రెండూ సమంగా చేసినోడి పాలల్లో లాక్టోమీటర్ హాయిగా 28 చూపిస్తాది. అందుకే ఫ్యాట్ కూడా చూడకుండా డబ్బు రాయం. నీ నూనె కథా అంతే, వేరుశనగ, సోయా, పామోలిన్, పత్తిగింజ అన్నీ మామూలు వేడిలో 0.90 నించి 0.92 మధ్యలోనే తిరగతాయి, ఆ తేడాలో పేరు తేల్చలేవు. గ్లిజరిన్ కాదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు, అది 1.26. ఆముదమూ కాదు, అది 0.95 చిల్లర. మీ అమ్మ గెస్ తప్పని కూడా నేను అనను.

ల్యాబ్_అక్క:
అవును. రికార్డులో ‘వంటనూనెల రేంజిలో ఉంది, ఏ నూనె అనేది డెన్సిటీతో చెప్పలేం’ అని రాయి, సారుకి అదే నచ్చతాది. ఇంకా పట్టుబడితే అయొడిన్ వాల్యూ, అంటే 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్ పట్టుకుంటాదో ఆ టెస్టు చేయాల, వేరుశనగకి 85 నించి 99 మధ్య వస్తాది, పామోలిన్‌కి చాలా తక్కువ. అది కెమిస్ట్రీ ల్యాబు పని, వాళ్ళ దగ్గర రీఏజెంట్ ఉండాదో లేదో కనుక్కో.

చంద్రగిరి_పిల్లోడు:
థాంక్స్ అక్కా, అన్నా. రేపు ఆ బిరడా పద్ధతి సారు ముందర చేసి చూపిస్తా, కాటా మాత్రం మామ సాయంత్రానికల్లా వెనక్కి ఇచ్చేయమన్నాడు.