అమ్మ నొప్పి గురించి డాక్టరుతో ఎలా మాట్లాడాలి?

అమ్మకు 61 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆరు రోజులుగా ఉన్నాం. నొప్పికి ట్రమడాల్ మందు ఎనిమిది గంటలకోసారి ఇస్తున్నారు. ఐదో గంటకే నొప్పి మళ్లీ మొదలవుతుంది. రాత్రి రెండింటికి అమ్మ మంచం ఊచ పట్టుకుని పళ్లు బిగబట్టి ఉంటే సిస్టర్‌ని పిలిచాను. "ఇంకా టైం కాలేదండీ" అన్నారు. పొద్దున రౌండ్స్‌కి డాక్టరుగారు వచ్చి అడిగితే అమ్మేమో "పర్వాలేదు సార్" అంటుంది. ఆయన్ని ఇబ్బంది పెట్టకూడదట!

మార్ఫిన్ గురించి అడిగితే "అలవాటైపోతుంది, ఇక్కడ దొరకదు" అన్నారు. క్యాన్సర్ నొప్పికి అది మామూలుగా వాడే మందేనని, 2014లో మత్తుమందుల చట్టం మార్చి ఆసుపత్రులకు తేలిక చేశారని చదివాను. నిన్నటి నుంచి నొప్పికి సున్నా నుంచి పది వరకు అమ్మ చెప్పే అంకెను టైంతో సహా నోట్‌బుక్‌లో రాస్తున్నాను. రాత్రిపూట ఆ అంకె ఎనిమిది, తొమ్మిది ఉంటోంది.

ఈ నోట్‌బుక్ చూపిస్తే డాక్టర్లు పట్టించుకుంటారా? వాళ్లకు కోపం రాకుండా ఎలా అడగాలి? హైదరాబాద్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జెలో పాలియేటివ్ కేర్‌కు (నొప్పి, బాధ తగ్గించే విభాగం) అమ్మను కదిలించకుండా నేనొక్కడినే రిపోర్టులతో వెళ్తే చూస్తారా? ఇది దాటివచ్చినవాళ్లు దయచేసి చెప్పండి. ఇంకో రాత్రి అమ్మను అలా చూడలేను.