గూడూరు దగ్గర దొరికిన ఈ రాయి నీలం రత్నమేనా?

ప్రశ్న: అన్నా, గూడూరు వైపు పాత మైకా గని గుట్టలో దొరికింది, వేలంత పొడుగు, పలకలు పలకలుగా ఉంది, మధ్యలో ముదురు నీలం, అంచులకొచ్చేసరికి తెల్లగా అయిపోయింది, మైకా పొర ఒకటి ఇంకా అతుక్కునే ఉంది. ఊళ్లో అందరూ నీలం అంటున్నారు, ఒకాయన 2 వేలిస్తానన్నాడు. ఇచ్చేయనా?

జవాబు: ఆగు తమ్ముడూ. చాకు మొనతో ఓ మూల పొడుగు వెంబడి గీసి చూడు, తర్వాత అడ్డంగా. పొడుగున గీత పడి అడ్డంగా పడకపోతే అది నీలం కాదు, కయనైట్ అనే వేరే ఖనిజం. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేల్ మీద దాని గట్టిదనం ఒక దిక్కున 5, ఇంకో దిక్కున 7 దాకా ఉంటది. నీలం 9, చాకుకి ఎటూ లొంగదు.

ఇంకొకరు: తూకం కూడా చూడండి. కిచెన్ స్కేల్ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేసి, రాయిని దారంతో అడుగు తగలకుండా ముంచి, వచ్చిన అంకెతో రాయి బరువుని భాగించండి. కయనైట్‌కి 3.6 దగ్గర్లో వస్తుంది, నీలానికి 4.

అడిగినవారు: పొడుగున పడింది, అడ్డంగా పడలా! బరువు 43 గ్రాములు, నీళ్లలో 12 చూపించింది.

జవాబు: 3.58, కయనైటే. ఉంగరానికి కష్టం, పలకలు ఊడొస్తయ్, కానీ మైకాతో ఉన్న పీస్ కాబట్టి దాచుకోడానికి చాలా బాగుంటది, ఆ పొర మాత్రం పీకొద్దు, యాసిడ్ అసలు పొయ్యొద్దు, దొరికిన చోటు చీటీ మీద రాసి పక్కనే పెట్టు. అమ్మితే కయనైట్ అని చెప్పే అమ్ము.