మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్: రేంజికీ పందులకీ ఒక్కటే, 900 డాలర్ల లోపు

పెన్నా_పిల్లోడు (మెకిన్నీ, టెక్సస్)

అందరికీ నమస్తే. మాది అనంతపురం జిల్లా. డల్లాస్ వైపు వచ్చి ఆరేళ్లయింది. తుపాకీ ఎప్పుడూ చేత్తో పట్టింది లేదు. దీపావళి తర్వాత మా టీమ్‌లో ఒకాయన తన మామ పొలానికి పిల్చుకుపోయినాడు. విచిటా ఫాల్స్ దగ్గర గోధుమ చేను. పందులు రాత్రికి రాత్రి దిగి, మడక దున్నినట్టు తవ్వి పోసినాయి. అది చూస్తానే మా నాయన గుర్తొచ్చినాడు. శెనక్కాయ ఊడలు దిగే కాలంలో మంచె మీద కూర్చుని తెల్లార్లూ డబ్బా వాయించేవాడు. ఇక్కడ ఆ ముసలాయనేమో "రైఫిల్ తెచ్చుకో, ఎన్నైనా కొట్టుకో" అంటాడు.

అందుకే బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ప్రతి తూటాకీ పక్కనున్న బోల్ట్ పిడిని చేత్తో ఆడించేది) ఒకటి కొనాలని. నెలకి రెండు శనివారాలు షూటింగ్ రేంజిలో 100 గజాల్లో కాగితం మీద గురి, చలికాలంలో పందులు, వచ్చే నవంబరులో కుదిరితే జింక. స్కోపుతో (గురి చూసే దుర్భిణితో) కలిపి 900 దాటకూడదని ఇంట్లో తీర్మానం. సావేజ్ యాక్సిస్ 2, రూగర్ అమెరికన్, టిక్కా టీ3ఎక్స్ లైట్ అనే మూడు మోడళ్ళు చూసి పెట్టుకున్నా. తూటా రకంలో .308 మేలా, 6.5 క్రీడ్‌మోర్ మేలా? అంగట్లో పిల్లోడు మాత్రం వాటికంటే పెద్ద తూటా .300 విన్‌మ్యాగ్ తీసుకో, అన్నిటికీ అదే సరిపోతుంది అన్నాడు. నేను 5 అడుగుల 5 అంగుళాలు, 62 కిలోలు. పందులకి టెక్సస్‌లో లైసెన్స్ అక్కర్లేదంట కాబట్టి ఆ ఖర్చు మిగిలింది.

కోనసీమ_కొబ్బరి (హ్యూస్టన్)

రైఫిల్ సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ. నువ్వు ఏ వీసా మీద ఉన్నావు?

పెన్నా_పిల్లోడు

హెచ్-1బి అన్నా. దానికీ దీనికీ ఏం సంబంధం?

కోనసీమ_కొబ్బరి

ఉంది. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపుల్లో మనకి పనికొచ్చేది ఒకటే: ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్స్, గడువు తీరనిది, నీ దగ్గర ఉండటం. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకి ఈ గొడవ లేదు.

ఇందులో తిరకాసు చూడు. భూమి సొంతదారు ఒప్పుకుంటే అడవిపందిని కొట్టడానికి టెక్సస్ 2019 సెప్టెంబరు నుంచి లైసెన్స్ అడగడం లేదు, నిజమే. కానీ నీకు లైసెన్స్ కావాల్సింది పంది కోసం కాదు, రైఫిల్ ముట్టుకోవడం కోసం. మీ టీమ్ ఆయన రైఫిల్ అరువు తీసుకున్నా అంతే. మనవాళ్ళు చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. టెక్సస్ నివాసికి వేట లైసెన్స్ 25 డాలర్లు. 1971 సెప్టెంబరు 2న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కూడా చెయ్యాలి, ఆన్‌లైన్లో అయిపోతుంది. లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో సరి. సెప్టెంబరు 1 పొద్దున్నే బీరువాలో రైఫిలూ, పర్సులో పాత లైసెన్సూ ఉండే పరిస్థితి తెచ్చుకోకు. కొట్లో ఫారం 4473 నింపేటప్పుడు ఈ ప్రశ్నలన్నీ వస్తాయి, ఉన్నదున్నట్టు రాయి. గ్రీన్‌కార్డున్న బావమరిది పేరు మీద కొనిపించే తెలివి అసలే వద్దు. మీ ఇమిగ్రేషన్ లాయరు చెవిన కూడా ఒక మాట వెయ్యి.

ఇక రైఫిల్. ఆ మూడిట్లో ఏది కొన్నా నీకంటే బాగానే కొడుతుంది. నాకంటే కూడాలే. 2013లో నేను పాత యాక్సిస్ కొన్నాను. ట్రిగ్గర్ నొక్కడం అంటే బోరింగు కొట్టినట్టుండేది. యాక్సిస్ 2లో ఆక్యుట్రిగ్గర్ (తేలిగ్గా నొక్కేలా సర్దుకోగల ట్రిగ్గర్) వచ్చాక ఆ బాధ పోయింది. దాని లోపం ప్లాస్టిక్ స్టాక్, అంటే గొట్టాన్ని మోసే, భుజానికి ఆనించే భాగం. ముందు భాగం పల్చన, బైపాడ్ (ముందు పెట్టే రెండు కాళ్ళ స్టాండు) మీద బరువేస్తే వంగి గొట్టానికి ఆనుతుంది. కొట్లోనే గొట్టానికీ స్టాక్‌కీ మధ్య ఒక డాలర్ నోటు దూర్చి లాగి చూడు, ఎక్కడా పట్టెయ్యకూడదు. తర్వాత ముందు భాగాన్ని చేత్తో నొక్కిపట్టి మళ్ళీ లాగు, తేడా నీకే తెలుస్తుంది. రూగర్‌లో బోల్ట్ 70 డిగ్రీలు తిప్పితే చాలు, వేళ్ళు స్కోపుకి కొట్టుకోవు. ట్రిగ్గర్ 3 నుంచి 5 పౌండ్ల మధ్య మనమే సర్దుకోవచ్చు. సేఫ్టీ బొటనవేలి కిందే ఉంటుంది. నా ఓటు దానికే.

.300 విన్‌మ్యాగ్ చెప్పినవాడు ఒక్కసారైనా దాన్ని పేల్చాడో లేదో కనుక్కో. ఒక స్నేహితుడిది నేను పేల్చాను. స్కోప్ అంచు వచ్చి కనుబొమ్మ మీద నెలవంకలా చీరింది, మచ్చ ఇప్పటికీ ఉంది. భుజానికి తంతుందని భయం పట్టుకున్నవాడు ట్రిగ్గర్ కదిలే ముందే కళ్ళు మూస్తాడు. ఆ జబ్బు వదిలించుకోవడానికి నాకు ఏడాది పట్టింది. 200 గజాల లోపు పందికి .308 తగిలిందో 6.5 తగిలిందో తెలియదు. .308 ప్రాక్టీసు తూటాలు కాస్త చవక, తన్ను మాత్రం 6.5లో తక్కువ. నీ ఒంటికి 6.5 అంటాను.

స్కోపుతో కలిపి అమ్మే ప్యాకేజీలో మొదట మార్చాల్సి వచ్చేది ఆ స్కోపే. విడిగా వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, 3-9×40 (3 నుంచి 9 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మి.మీ.) చాలు.

ఫిన్లాండ్_ఫ్యాన్ (అట్లాంటా)

టిక్కా కొను బ్రో. బోల్ట్ నూనె రాసిన సొరుగులా జారుతుంది. ఒక్కసారి ఆడించి చూస్తే మిగతా రెండూ ఇనప సామాను కొట్టు సరుకులా ఉంటాయి.

కోనసీమ_కొబ్బరి

ఆయ్, నిజమే. స్కోప్ లేకుండానే 800 దాకా అవుతుంది. మిగిలిన వందతో స్కోప్ కొనమంటావా, తూటాలు కొనమంటావా?

ఓరుగల్లు_అక్క (పిట్స్‌బర్గ్)

తమ్మీ, నేనొక మాట చెప్త. కాలేజీల ఎన్‌సీసీ అప్పుడు .22 (చిన్న తూటా రైఫిల్)తోని బోర్లా పండుకొని కొట్టుడు నేర్చుకున్న. ఇక్కడికొచ్చినంక కూడ మొదలు కొన్నది .22 బోల్ట్ యాక్షనే, సావేజ్ మార్క్ 2. దాని తూటా పది సెంట్ల లోపల దొరుకుతది, 6.5 ఒక్కటి డాలర్ పైనే. శనివారం నేను వంద కొడ్త, నువ్వు ఇరవై కొట్టి ఇంటికి పోతవు. చెయ్యి ఎవరికి తొందరగ కుదురుతదో చెప్పు. పందికి .22 పనికిరాదు, అది వేరే ముచ్చట. రెండు రైఫిళ్లకు పైసల్లేకుంటే పెద్దది కొను, ఇంట్ల రోజూ పది నిమిషాలు ఖాళీ రైఫిల్‌తోని ట్రిగ్గర్ ప్రాక్టీస్ చెయ్. ఛాంబర్ల (తూటా కూసునే అరల) ఏం లేదని రెండుసార్లు చూస్కో, తూటాలు ఇంకో గదిల ఉండాలె. ఇంట్ల పిల్లలుంటే తాళమేసే బీరువా పైసలు కూడ ఆ 900లనే లెక్కపెట్టు. అది ఎవ్వరు చెప్పరు.

ఇంకోటి. పంది గుండె జింకకున్న తావుల ఉండదు, ఇంకా కిందికి, ముంగటికి ఉంటది. ముంగటి కాలు ఎంబడి పైకొచ్చి ఒంటి ఎత్తుల మూడో వంతు కాడ ఆపు.

పెన్నా_పిల్లోడు (నాలుగు వారాల తర్వాత)

కోర్సు అయింది, లైసెన్స్ వచ్చింది, రూగర్ 6.5 కొన్నా. స్కోప్ అంగట్లోనే బిగించి ఇచ్చినారు. ఇవాళ రేంజిలో 20 తూటాలు పేల్చినా. 100 గజాల్లో కాగితం మీద జొన్నలు చల్లినట్టు పడినాయి, ఆరేడంగుళాల వెడల్పు. ఒకసారి ఎడమకి జరిపితే ఇంకోసారి కుడికి పోతుంది. నా చెయ్యే అంత అధ్వాన్నమా, రైఫిల్‌లో తేడానా?

కోనసీమ_కొబ్బరి

ఇంకొక్క తూటా కూడా పేల్చకు, డబ్బులు దండగ. ఖాళీ చేసి, స్కోపుని పట్టుకుని ఊపి చూడు. తర్వాత స్కోపుని పట్టే రింగులు విప్పి, వాటి కింద రైఫిల్‌కి బిగించిన బేస్ మరలు చూడు. గురి సర్దే స్కోప్ గుబ్బల క్లిక్కులు తిప్పడం అన్నిటికంటే చివర.

పెన్నా_పిల్లోడు

అన్నా, ముందు బేస్ మర చేతివేళ్ళతోనే తిరిగింది! అంగడోళ్ళు పైన రింగులు బిగించి కింద వదిలేసినారు. టార్క్ డ్రైవర్ ఒకటి కొని అన్నీ పుస్తకంలో రాసిన లెక్క ప్రకారం బిగించినా. ఈ శనివారం ఐదు తూటాలు పేల్చితే ఐదూ ఒక నిమ్మకాయ కింద దాచిపెట్టొచ్చు. కాకపోతే నడిమధ్యకి 3 అంగుళాలు కుడికి, 2 అంగుళాలు కిందికి.

కోనసీమ_కొబ్బరి

అదీ! ఇప్పుడు తిప్పు. 100 గజాల్లో ఒక్కో క్లిక్కు పావు అంగుళం. ఎడమకి 12, పైకి 8.

ఓరుగల్లు_అక్క

టార్క్ డ్రైవర్ పైసలు కూడ 900ల కలిపినవా?

పెన్నా_పిల్లోడు

అక్కా, మొత్తం 940 అయింది. ఇంట్లో 890 అని చెప్పినా, మీరు ఈ మాట ఎత్తొద్దండి.

12, 8 తిప్పినాక నడిమధ్య చుక్క చిరిగింది. వచ్చే శనివారం పొలానికి పోతున్నాం. రాత్రి ఫోన్లో నాయనకి ఇదంతా చెప్పినా. అంతా విని, "ఇంత ఖర్చు ఎందుకురా, ఆయప్పకి ఒక డబ్బా కొనిచ్చి రాకపోయినావా" అన్నాడు.