ఖాళీ కంప్యూటర్లను కలిపి వాడుకోవడమా, క్లౌడ్ అద్దెకు తీసుకోవడమా?

రేయింబవళ్ళు:
మా విభాగంలో 60 కంప్యూటర్లు సాయంత్రం 5 దాటితే ఊరికే పడి ఉంటాయి. ఖాళీ కంప్యూటర్లకు పనులు పంచే హెచ్‌టీకాండోర్ అనే సాఫ్ట్‌వేర్‌తో కలిపి వాడుకుందామంటే, ఆ కాలం పోయింది, క్లౌడ్ తీసుకోమన్నారు పెద్దలు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మిరాన్ లివ్నీ బృందం 1980ల్లో మొదలుపెట్టిన పద్ధతికి నిజంగానే కాలం చెల్లిందా?

కాడిమాను:
చెల్లింది. పీహెచ్‌డీ రోజుల్లో నేనూ వాడాను. రాత్రంతా, 11 గంటలు నడిచిన లెక్క, పొద్దున ఆ కంప్యూటర్ యజమాని వచ్చి మౌస్ కదపగానే దిగిపోయింది. పొరుగువాడి ఎడ్లతో దున్నితే అంతే, అతను పిలిస్తే చాలు మధ్యలోనే కాడి దించాలి.

రేయింబవళ్ళు:
మధ్యమధ్యలో లెక్కను భద్రపరిచే చెక్‌పాయింట్ పెట్టుకోలేదా అండీ?

కాడిమాను:
లేదు. తప్పు నాదే. అయినా డబ్బు కట్టిన గంట మనదే అన్న ధీమా వేరు.

తోకచుక్క:
కాడిమాను గారూ, మీరు లోపమంటున్న ఆ దిగిపోవడం వల్లే ఈ పద్ధతి బతికింది. అడగ్గానే తన యంత్రం తనకు దక్కుతుందన్న హామీ లేకపోతే ఏ ప్రొఫెసరు ఇస్తారు? లివ్నీ చూసేది సెకనుకు ఎన్ని లెక్కలని కాదు, ఏడాదికి ఎన్ని పూర్తయ్యాయని. సెకను వేగాన్ని ఏడాదిలోని సెకన్లతో హెచ్చవేస్తే ఆ సంఖ్య రాదు. మధ్యలో కరెంటు పోతుంది, డిస్కు నిండుతుంది, యజమాని వస్తాడు. 2015లో అమెరికాలోని లైగో పరిశోధనాశాల తొలిసారి పట్టుకున్న గురుత్వ తరంగాల డేటాను జల్లెడ పట్టిన పనిలోనూ హెచ్‌టీకాండోర్ ఉంది.

కాడిమాను:
లైగో లెక్కలను ముక్కలుగా విడగొట్టవచ్చు. నాది వాతావరణ నమూనా. పటాన్ని గడులుగా విడగొట్టి లెక్కిస్తాం, ప్రతి అడుగుకూ పక్క గడి విలువలు కావాలి. ఒక్క యంత్రం వెనకబడితే మిగతావన్నీ చేతులు కట్టుకుని నిలబడతాయి.

తోకచుక్క:
దానికి సూపర్‌కంప్యూటరే, వాదన లేదు. క్లౌడ్ దగ్గరే నా పేచీ. డేటా లోపలికి పంపడం తేలిక, బయటికి తెచ్చుకునేటప్పుడు తెలుస్తుంది బిల్లు! కణభౌతిక పరిశోధనా కేంద్రం సెర్న్ లెక్కల కోసం కలిపిన కంప్యూటర్ల గ్రిడ్‌లో 40కి పైగా దేశాల్లో సుమారు 170 కేంద్రాలున్నాయి, మన ముంబయి, కోల్‌కతాలతో సహా. ఏ దేశం సొమ్ము ఆ దేశపు యంత్రాల మీదే ఖర్చవుతుంది, లెక్కలు మాత్రం అందరివీ. అద్దె కొట్టుకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

రేయింబవళ్ళు:
మాది ప్రోటీన్ల పని. 4,000 అణువులు, దేని లెక్క దానిదే. సోమవారం 20 యంత్రాలతో మొదలుపెడతాను, పావుగంటకో చెక్‌పాయింట్.

కాడిమాను:
ముందు సాయంత్రం మెయిన్ కట్టేసి వెళ్ళే అటెండరుతో మాట్లాడండి.